గినీపిగ్గులతో ఎడారి ప్రయాణం

వేసవి సెలవుల్లో ఊరు కదలాలంటే ఒకప్పుడు మన ఇళ్ళలో వచ్చే ప్రశ్న ఒక్కటే: "మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?" పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ప్రశ్న మారింది. కుక్కో పిల్లో ఉన్నవాళ్ళకు పెద్ద చిక్కు లేదు. వాటికి హాస్టళ్ళున్నాయి, మోటెళ్ళ గుమ్మాల మీద స్వాగతం బోర్డులున్నాయి. చిక్కల్లా కుక్కా పిల్లీ కాని వాటితోనే. ఇక్కడి పశువైద్యులు అలాంటివాటన్నిటినీ 'ఎగ్జాటిక్' అని ఒకే గాటన కట్టేస్తారు. గినీపిగ్గు, హామ్‌స్టర్, జెర్బిల్, బడ్జీ పిట్ట, తాబేలు, బల్లి, అన్నీ అందులోవే. బల్లి కూడా ఎగ్జాటిక్కేనంటే తెనాలిలో మా మామగారు ఫోనులో చాలాసేపు నవ్వారు. వారి వసారా గోడ మీద అద్దె ఇవ్వకుండా నాలుగు కాపురముంటున్నాయి మరి.

2024 జూన్‌లో మేమూ, మా మిత్రుల కుటుంబమూ రెండు కార్లలో హ్యూస్టన్ నుంచి లాస్ ఏంజెలస్ వెళ్ళి వచ్చాం. ఐ-10 రోడ్డు మీద పోనూ సుమారు 1,550 మైళ్ళు, రానూ అంతే. మా కారులో మేం నలుగురం కాక ఇంకో ముగ్గురు ప్రయాణికులున్నారు. జంతిక, చేగోడి అనే రెండు గినీపిగ్గులు, చిట్టి అనే బడ్జీ పిట్ట. మిత్రుల ఇంట్లో రెండు జెర్బిల్స్ ఉన్నాయి. అవి రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ పిక్నిక్కుల్లోనూ గుడిలోనూ కనబడ్డవాళ్ళంతా "అసలెలా తీసుకెళ్ళారండీ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, తీసుకెళ్ళడం ఎందుకన్న సంగతి. గినీపిగ్గుకు ప్రయాణం వినోదం కాదు. దాని పూర్వీకులు అడవిలో కనబడ్డ ప్రతి మాంసాహారికీ ఫలహారమే. అంచేత కొత్త చోటు, కొత్త చప్పుడు, కొత్త వాసన, దేనికైనా దాని లెక్కలో అర్థం ఒక్కటే: ఎవరో తినడానికి వస్తున్నారు. నమ్మకమైన మనిషి రోజూ వచ్చి చూసేటట్లయితే ఇంట్లో వదిలి వెళ్ళడమే మేలని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. కాని మేం వెళ్ళేది మూడు వారాలకు. పైగా ఆ ఏప్రిల్‌లో చేగోడికి దవడ పళ్ళు పెరిగిపోయి డాక్టరు అరగదీయాల్సి వచ్చింది. ఈ జాతికి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. నొప్పితో తిండి మానేసిందా, పేగుల్లో కదలిక ఆగిపోతుంది. ఒక్క రోజు పస్తుంటే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు చేసిందని పైకి తెలియనివ్వదు కూడా. రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద తూచి పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే మనకున్న దారి. తగ్గిందంటే సిరంజితో మేత జావ పట్టాలి. ఈ పని పొరుగింటి కాలేజీ కుర్రాడికి అప్పగించే ధైర్యం నాకు లేకపోయింది. "కారులో చల్లగా ఉంచగలిగితే తీసుకెళ్ళండి. ఉంచలేకపోతే మీరే సెలవు మానుకోండి" అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇక జంతిక సంగతంటారా, ఇవి ఒంటరిగా ఉండలేవు. ఒకటి బయల్దేరితే రెండోదీ బయల్దేరాల్సిందే.

విమానం మాట మొదట్లోనే పోయింది. ఈ దేశంలో చాలా విమాన కంపెనీలు సీటు కిందికి కుక్కనీ పిల్లినీ తప్ప రానివ్వవు. రైలూ అంతే. ఆమ్‌ట్రాక్‌లో 20 పౌండ్ల లోపు కుక్క, పిల్లి మాత్రమే. వెనక 2018లో ఒకావిడ 'మనశ్శాంతి కోసం' అంటూ నూవర్క్ విమానాశ్రయానికి నెమలిని వెంటబెట్టుకొచ్చింది. విమానం ఎక్కనివ్వలేదు. 2021 జనవరి నుంచి సేవా జంతువు అంటే కుక్క మాత్రమేనని ప్రభుత్వమే నిబంధన మార్చింది. కాబట్టి గినీపిగ్గు గల సంసారికి రోడ్డే గతి.

ప్రయాణం అనుకోగానే నేను చేసిన మొదటి పని అటక మీంచి పెట్టెలు దించడం కాదు. ఏ జీవికి పుట్టిల్లు ఎక్కడో చూడటం. గినీపిగ్గు గినీ దేశానిదీ కాదు, పందీ కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివాళ్ళు దాన్ని వేల ఏళ్ళుగా పెంచుతున్నారు, ఎందుకో మా పిల్లలకు ఇంకా చెప్పలేదు. చల్లటి కొండ వాతావరణం దానికి అలవాటు. 65 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య సుఖంగా ఉంటుంది. 85 దాటితే వడదెబ్బ భయం. చెమట పట్టదు. బడ్జీ పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఎండు మైదానాలు. వేడి కొంత ఓర్చుకుంటుంది గాని పొగ, ఘాటు ఓర్చుకోలేదు. ఇక జెర్బిల్ మంగోలియా, ఉత్తర చైనాల్లోని ఎండు నేలల పిల్ల. 1954లో పరిశోధనశాలల కోసం ఈ దేశానికి తెచ్చారు, తర్వాత పిల్లల గదుల్లోకి వచ్చింది. ఇసుకలో బొరియ తవ్వుకుని, గింజలు కొరుక్కుంటూ కొద్దిపాటి నీళ్ళతో గడిపేస్తుంది.

మేం పోయే దారంతా ఎడారి. ఆ లెక్కన ముగ్గురిలోకీ జెర్బిలే హాయిగా ప్రయాణం చేయగలిగింది, గినీపిగ్గు అస్సలు చేయలేనిది. కాని కాలిఫోర్నియా చట్టం చూస్తే అంతా తలకిందులు. గినీపిగ్గు రావచ్చు, బడ్జీ రావచ్చు. జెర్బిల్ రాకూడదు. ఫెర్రెట్, ముళ్ళపంది, షుగర్ గ్లైడర్, క్వేకర్ చిలుక, ఇవన్నీ కూడా అక్కడ నిషిద్ధం. ఏ రాష్ట్రం గోల ఆ రాష్ట్రానిదే. పెన్సిల్వేనియాలో ముళ్ళపంది పనికిరాదు. న్యూయార్క్ నగరంలో ఫెర్రెట్ పనికిరాదు. హవాయిలో హామ్‌స్టర్ కూడా పనికిరాదు. అంచేత చేరే ఊరి చట్టం ఒక్కటే చూసుకుంటే చాలదు. దారిలో తగిలే ప్రతి రాష్ట్రం వ్యవసాయ శాఖకూ వన్యప్రాణి శాఖకూ ఫోను చేసి అడగాలి. మా వారు ఇంజనీరు కాబట్టి నాలుగు రాష్ట్రాలకూ గళ్ళ కాగితం మీద పట్టిక గీశారు. ఆ పట్టికలో ఒక్క గడిలోనే ఎర్ర సిరా పడింది.

ఆ ఎర్ర సిరా గురించి మిత్రుల ఇంట్లో రెండు రోజులు రగడ జరిగింది. వాళ్ళమ్మాయికి తొమ్మిదేళ్ళు. జెర్బిల్స్ రాకపోతే నేనూ రానని గదిలో కూర్చుంది. కూతురి ఏడుపు చూడలేక తండ్రి ఒక ఉపాయం చెప్పాడు. "సరిహద్దులో ఎవరైనా అడిగితే హామ్‌స్టర్ అందాం. వాళ్ళకేం తెలుస్తుంది?" తల్లికి కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఎన్ని ఫారాలు నింపాం? ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందోనని రాత్రుళ్ళు మళ్ళీ మళ్ళీ చదువుకోలేదూ? ఇప్పుడు రెండు ఎలుకల కోసం పిల్ల చేత యూనిఫాం మనిషికి అబద్ధం చెప్పిస్తారా?" అంది. నేనూ అక్కడే ఉన్నాను, ఏమనాలో తోచలేదు. చివరికి తేల్చింది ఆ పిల్లే. "నాన్నా, హామ్‌స్టర్‌కి పొడుగు తోక ఉండదు కదా?" అంది. దొరికితే జంతువులను పట్టుకుపోతారని దానికి నేనే చెప్పాను. జెర్బిల్స్ హ్యూస్టన్‌లోనే ఉన్నాయి. వాటికి పళ్ళ బాధ లేదు గనక పొరుగింటి కాలేజీ కుర్రాడు సరిపోయాడు. పిల్ల మాత్రం శాన్ ఆంటోనియో దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదట.

ఇంకో నిషిద్ధ ప్రయాణికుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అర్వైన్‌లో ఉన్న మా ఆడపడుచు ఎన్నాళ్ళుగానో ఒక కరివేపాకు మొక్క అడుగుతోంది. కుండీ కడిగి సిద్ధం చేశాను కూడా. ఫోను చేసినప్పుడు దీని గురించీ అడిగితే కుదరదన్నారు. నిమ్మ, నారింజ చెట్లను చంపే పచ్చతెగులును ఒక చిన్న పురుగు మోస్తుంది. ఆ పురుగుకు మన కరివేపాకంటే మహా ఇష్టం. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో, టెక్సాస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ 2012లో బయటపడింది. అప్పట్నుంచీ నిఘా ఎక్కువ. కుండీ పెరట్లోకే వెళ్ళింది. గినీపిగ్గుకున్న ప్రవేశం కరివేపాకుకు లేదు. మా ఆడపడుచుకి ఈ మాట చెబితే ఇప్పటికీ నమ్మదు.

ఇక సరంజామా. 'కారియర్' అంటే మనకు టిఫిన్ కారియర్ గుర్తొస్తుంది. ఇది వేరు. గట్టి ప్లాస్టిక్ గోడలూ నాలుగు పక్కలా గాలి కిటికీలూ ఉన్న చిన్న పెట్టె. గినీపిగ్గులు రెండింటికీ కలిపి ఒకటే తీసుకున్నాం. తోడు ఉంటే బెదురు తక్కువ. వెనక సీటు మీద పెట్టి బెల్టు బిగించి, ఎండ పడే పక్క అద్దానికి తెల్ల గుడ్డ కట్టాం. అడుగున మెత్తటి గుడ్డ, దాని మీద ఇల్లు వాసన పోని పాత గుడ్డ ఇంకొకటి. ఉతికిన గుడ్డ వేయకండి. మనకు శుభ్రం, దానికి పరాయిల్లు. కారు కుదుపుకి నీళ్ళ సీసా కారిపోయి పక్క తడిసిపోతుంది. అందుకని నడిచే కారులో కీరదోసకాయ ముక్కలు, ఆగిన చోట నీళ్ళు. గడ్డి ఎప్పుడూ నోటికి అందేటట్టు ఉండాలి. ఇవి మనలాగే విటమిన్ సి ఒంట్లో తయారుచేసుకోలేవు. అంచేత రోజూ కాస్త కాప్సికం, కొత్తిమీర కావాలి. కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకి ఇవి వేసే ఈల వింటే, మన పచ్చడికి వాటా కోసం ఎవరో తలుపు కొడుతున్నట్టే ఉంటుంది.

బయల్దేరేముందు నెల రోజులు అలవాటు చేశాం. మొదట వీధి చివరి దాకా, తర్వాత బజారు దాకా, చివరికి గాల్వెస్టన్ దాకా 50 మైళ్ళు. ఎలుక జాతికి వాంతి కాదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. అంచేత కడుపులో తిప్పితే మనకు తెలియదు. చొంగ కారడం, మూల నక్కి గడ్డి ముట్టకపోవడం చూసి తెలుసుకోవాలి. గాల్వెస్టన్ నుంచి వస్తూ జంతిక గడ్డి నమలడం చూసి మా వారు పరీక్ష పాసైనట్టు చేతులు తట్టారు. చిట్టి పంజరంలో ఉయ్యాల, గంటలు తీసేశాం. సడెన్‌గా బ్రేకు వేస్తే తలకు తగులుతాయి. 2022 నుంచి ఈ దేశంలో పక్షి జ్వరం తిరుగుతోంది గనక బాతులు, పావురాలు చేరే విశ్రాంతి స్థలాల్లో పంజరం కారు దింపకూడదని నియమం పెట్టుకున్నాం.

వేడి సంగతి మాత్రం కొంచెం విపులంగా రాయాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడే. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లో 19 డిగ్రీలు, అరగంటలో 34 డిగ్రీలు పెరుగుతుంది. అద్దాలు రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. బయట 95 ఉంటే, మీరు కాఫీ కొనుక్కుని వచ్చేసరికి లోపల 114. అందుకని మా ఏర్పాటు ఇది. ఎక్కడ ఆగినా ఒక పెద్దమనిషి కారులోనే ఇంజను, ఏసీ వేసుకుని కూర్చోవాలి. ఆ మనిషి వంతు ఎవరిదో తెల్లవారగానే తేల్చుకోవాలి. ఏసీ చెడిపోతే? అందుకే రెండు కార్లు. పెట్టె రెండో కారులోకి మారుతుంది. రెండూ చెడిపోతే? మంచు పెట్టెలో నాలుగు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచాం. తువ్వాలు చుట్టి పెట్టె పక్కన ఆనిస్తే గంటా రెండు గంటలు కాపాడతాయి. గినీపిగ్గుల పెట్టె లోపల ఒక ఉష్ణమాపకం వేలాడదీశాం. మా పెద్దమ్మాయి పని ప్రతి అరగంటకూ అది చదవడం. ఇంతేకాక దారిలో గినీపిగ్గును చూసే డాక్టర్ల పేర్లు ఊరూరుకూ రాసుకున్నాం. అందరు పశువైద్యులూ చూడరు. మా జాబితాలో శాన్ ఆంటోనియో తర్వాత ఎల్ పాసో దాకా, అంటే 550 మైళ్ళు, ఒక్క పేరు కూడా లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కెర్‌విల్ దాటాక గంటకు 80 మైళ్ళ వేగం అనుమతించే రోడ్డది. చెట్లు పొదలవుతాయి, పొదలు గడ్డి దుబ్బులవుతాయి, చివరికి రాయీ ఆకాశమూ మిగులుతాయి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్ళినవాళ్ళకు కొండ కోతలు గుర్తొస్తాయి గాని ఇంత నిర్జనంగా మన దగ్గర ఎక్కడా ఉండదు. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి ఫోర్ట్ స్టాక్టన్ చేరాం. ఆ ఊరి గుర్తు రోడ్‌రన్నర్ అనే పక్షి బొమ్మ, ఇరవై అడుగుల పైగా పొడుగుంటుంది. నిజం పక్షి బల్లుల్నీ చుంచుల్నీ తింటుందని తెలిసి, మా చిన్నవాడు ఫోటో తీసేటప్పుడు కారు అద్దం పైకెత్తించాడు.

మోటెల్ వారికి నెల ముందే ఫోను చేశాం. 'పెంపుడు జంతువులు రావచ్చు' అన్న బోర్డు కుక్కల్ని చూసి రాసిందే. పంజరంలో ఉండేవాటి సంగతి విడిగా అడిగి, ఒప్పుకున్నవారి పేరు రాసుకోవాలి. ఇక్కడి యజమాని గుజరాతీ పెద్దమనిషి. పెట్టెలోకి తొంగి చూసి, హిందీలో, "బెహన్‌జీ, నేను డబ్బిచ్చి ఎలుకల్ని బయటికి పంపిస్తుంటే మీరు డబ్బిచ్చి లోపలికి తెస్తున్నారా?" అన్నారు. అంటూనే కింది అంతస్తులో, ఏసీ బాగా పనిచేసే గది ఇచ్చారు. గదిలోకి వెళ్ళగానే ముందు వైర్లన్నీ మంచాల పైకెత్తాలి. స్నానాల గదిలో పాత దుప్పటి పరిచి వదిలితే అదే వాటికి ఆటస్థలం. ఆ రాత్రి చేగోడి తూకం 20 గ్రాములు తగ్గింది. జావ పట్టాం. చిట్టి మాత్రం టీవీలో వాతావరణ వార్తలతో పోటీపడి కబుర్లు చెప్పింది.

రెండో రోజు చిన్న ప్రయాణం, లాస్ క్రూసెస్. ఇక్కడ వంతుల ప్రకారం మా వారు గదిలో ఉండిపోయారు, నేను పిల్లల్ని తీసుకుని మిత్రులతో వైట్ శాండ్స్‌కు వెళ్ళాను. అది 2019 డిసెంబరులో జాతీయ పార్కు అయింది. ఇసుక అంటాం గాని అది జిప్సం. 275 చదరపు మైళ్ళ మేర సున్నం కొట్టినట్టు తెల్లటి దిబ్బలు. పక్కనే క్షిపణి పరీక్షల స్థలం ఉంది. పరీక్ష రోజుల్లో రోడ్డు మూస్తారు, అది ముందే కనుక్కుని వెళ్ళాలి. చిత్రమేమిటంటే అంత ఎండలోనూ ఆ తెల్ల నేల కాళ్ళకు చల్లగా తగులుతుంది. పిల్లలు చెప్పులు విడిచి దొర్లారు. సాయంత్రం నీడలు పొడుగయ్యేసరికి దిబ్బ మీద కుట్టుపని లాంటి సన్నటి అడుగుల వరసలు కనబడ్డాయి. చుంచులవి. అక్కడ రంగు పాలిపోయి ఇసుకలో కలిసిపోయే చిన్న ఎలుక జాతి ఒకటుంది. జన్మలో నీళ్ళు తాగకుండా గింజలతోనే బతకగలిగే కంగారూ ఎలుకలూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. మిత్రుల అమ్మాయి ఆ అడుగుల పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. రెండు రోజుల్లో అది నాతో అన్న మొదటి మాట: "ఆంటీ, నా జెర్బిల్స్‌ని ఇక్కడ వదిలేస్తే ఎంత హాయిగా ఉంటాయో కదా? ఇంటికి రమ్మన్నా రావేమో."

కాలిఫోర్నియా వాళ్ళ భయం సరిగ్గా అదే. గినీపిగ్గు తప్పించుకుని పోతే ఆ ఎండలో ఎన్నో రోజులు బతకదు. జెర్బిల్ జంట తప్పించుకుంటే బొరియ తవ్వుకుని సంసారం పెడుతుంది, అక్కడి చుంచుల గింజలు తింటుంది, రైతు పొలంలో పడుతుంది. ఆ మాటే చెప్పాను. పిల్ల ఒప్పుకుందో లేదో తెలియదు. ఇసుకలో తన జెర్బిల్స్ పేర్లు రాసి వచ్చింది.

మూడో రోజు టూసాన్. సాగ్వారో జెముడు చెట్లు ఊరికి రెండు పక్కలా అడవిలా ఉంటాయి, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా. వాటికి మొదటి చెయ్యి మొలవడానికే యాభై ఏళ్ళు, అంతకు మించి కూడా పడుతుందట. వాటిని పొద్దు వాలాక, వంతులవారీగా చూసి వచ్చాం.

అసలు పరీక్ష నాలుగో రోజు. టూసాన్ నుంచి ఫీనిక్స్, అక్కణ్ణుంచి కొలరాడో నది దాటి బ్లైత్. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు 110 డిగ్రీలు తగ్గని పగలు చూశారు. ఆ దారిలో పగలు కారు ఆగిపోతే మా మంచు సీసాలు ఏ మూలకు? అందుకని రాత్రి రెండున్నరకే బయల్దేరాం. ఫీనిక్స్ దీపాల మధ్య నుంచి పోతున్నప్పుడు ఇంకా చీకటే. కారు ముందు గడియారం పక్కన బయటి వేడి 89 చూపిస్తోంది. పెట్టెలో 72. వెనక సీట్లో గడ్డి నములుతున్న చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. మా పెద్దమ్మాయి నిద్రపోకుండా అరగంట అరగంటకూ అంకె చదువుతూనే ఉంది. ఆపరేషన్ థియేటర్లో నర్సు కూడా అంత శ్రద్ధగా చదవదు, నేను ఆస్పత్రిలో పనిచేసేదాన్ని గనక చెబుతున్నాను. వేసవిలో అరిజోనా గడియారం, కాలిఫోర్నియా గడియారం ఒకటే. గంట కలిసొస్తుందన్న ఆశ లేదు.

ఏడు గంటలకు బ్లైత్ తనిఖీ కేంద్రం. "ఎక్కణ్ణుంచి వస్తున్నారు? పళ్ళు, మొక్కలు, జంతువులు ఉన్నాయా?" మా వారు పట్టిక చూసి వల్లించారు. నిమ్మకాయలు లాస్ క్రూసెస్‌లోనే పులిహోరలోకి పిండేశాం. పులిహోరలో ఉడికిన కరివేపాకు తప్ప పచ్చి రెమ్మ లేదు. గడ్డి కంపెనీ సంచీలో ఉంది. ఆ అధికారిణి సంచీ తిప్పి చూసి, పెట్టెలోకి తొంగి చూసి, పేర్లడిగింది. జంతిక అనడం ఆమెకు నోరు తిరగలేదు. వెనక కారులోని మిత్రుల పిల్లను జంతువులున్నాయా అని ఎవరూ అడగకముందే అది అద్దం దించి, "మావి జెర్బిల్స్, అందుకే ఇంట్లో పెట్టి వచ్చాం" అని గట్టిగా చెప్పిందట. థాంక్స్ చెప్పి పంపించారు. వాళ్ళ నాన్న అక్కణ్ణుంచి ఇండియో దాకా మౌనంగా కారు నడిపాడని వాళ్ళావిడ తర్వాత చెప్పింది.

అర్వైన్‌లో జూన్ నెల పొద్దుటి పూటంతా సముద్రం మీంచి మబ్బు పట్టి చల్లగా ఉంటుంది. గినీపిగ్గులకు పుట్టింటికి వచ్చినట్టే. అయితే ఎండుగడ్డి ధూళికి మా ఆడపడుచుకి తుమ్ములు మొదలయ్యాయి. వాటి కాపురం బట్టలుతికే గదిలోకి మార్చి, గడ్డి పెరట్లో దులిపి తెచ్చేవాళ్ళం. చిట్టి విషయంలో మాత్రం నేను వంటింట్లో పెత్తనం చేశాను, చేయక తప్పలేదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మాడితే వచ్చే పొగ మనకు కనబడదు, కాని పిట్టను నిమిషాల్లో చంపగలదు. పిట్ట ఊపిరితిత్తులు మనకన్నా చాలా చురుకు. బ్రిటన్‌లో బొగ్గు గనుల్లోకి 1986 దాకా కానరీ పిట్టల్ని తీసుకెళ్ళింది అందుకే. ఆడపడుచు ఏమీ అనుకోకుండా అత్తగారి నాటి ఇనప పెనం బయటికి తీసింది. మూడు వారాలు దోసెలు దాని మీదే. మిరపకాయల తాలింపు, అగరొత్తులు ఉన్నప్పుడు పంజరం మేడ మీదికి. మీరు మోటెల్లో రైస్ కుక్కరు, నాన్‌స్టిక్ గిన్నె పెట్టుకుని వండేవాళ్ళయితే, పిట్టను తీసుకెళ్ళే ముందు ఈ సంగతి రెండుసార్లు ఆలోచించండి.

చేతులు కడుక్కోవడం గురించి కూడా ఒక ముక్క. మనం చేత్తో తినేవాళ్ళం. కారులో పెట్టెలోకి చెయ్యి పెట్టి, అదే చేత్తో దద్దోజనం కలిపితే సాల్మొనెల్లా ఇంటిల్లిపాదినీ పడుకోబెడుతుంది. తాబేళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. నాలుగంగుళాల లోపు తాబేళ్ళు అమ్మకూడదని ఇక్కడ 1975 నుంచీ ఉన్న నిబంధన పిల్లల జబ్బుల వల్ల వచ్చిందే. మా కారులో పెట్టె ముట్టినవాళ్ళకు సబ్బు, నీళ్ళ తర్వాతే ముద్ద.

ఇవన్నీ విని మా మామగారు, "మరి ఇక్కడికెప్పుడు తెస్తావమ్మా చిట్టిని?" అని అడిగారు. చిన్నప్పుడు వారింట్లో పంజరంలో రామచిలుక ఉండేదట. ఇప్పుడక్కడ రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. మనం ఇక్కణ్ణుంచి ఇండియా సెలవులకు గినీపిగ్గునో పిట్టనో పట్టుకెళ్ళడం కుదిరే పని కాదు. మామగారికి చిట్టి వీడియోలోనే కబుర్లు చెబుతుంది.

తిరుగు ప్రయాణం కూడా అదే పద్ధతిలో, రాత్రి ఎడారి, పగలు నిద్ర. టెక్సాస్‌లో సియెర్రా బ్లాంకా దగ్గర సరిహద్దు పోలీసులు తూర్పుకు పోయే ప్రతి కారునూ ఆపుతారు. ప్రయాణంలో మా వాళ్ళకు ఎదురైన మొదటి కుక్క అక్కడే. అది కారు చుట్టూ తిరిగి, వెనక తలుపు దగ్గర రెండుసార్లు ముక్కు ఆనించింది. పెట్టెలో ఇద్దరూ రాళ్ళయిపోయారు, కళ్ళు కూడా కదల్లేదు. చిట్టి ఒక్కటే కుక్క మీద కేకలేసింది. మా పాస్‌పోర్టులు చూసి వెళ్ళమన్నారు. జంతిక మళ్ళీ గడ్డి ముట్టడానికి వాన్ హార్న్ దాటాల్సి వచ్చింది.

ఇంటికి రాగానే ఇద్దర్నీ తూచాం. చేగోడి బయల్దేరిన నాటికన్నా 45 గ్రాములు తక్కువ. తొమ్మిదో రోజుకి మళ్ళీ పుంజుకుంది. జంతిక 30 గ్రాములు ఎక్కువ. మా ఆడపడుచు మాకు తెలియకుండా రోజూ రెండు పూటలా కొత్తిమీర పెట్టిందని తర్వాత బయటపడింది.